తెలుగు మాట్లాడే ఇల్లయితే మేలు

చికిటిలో బస్సులు ఆగే చోట, కిళ్ళీకొట్టు గోడ మీద, నా చేతిరాత ఇంకా ఉంది. మొన్న సోమవారం బస్సు దిగి గొడుగు విప్పబోతూ చూశాను. కాగితం అంచులు వానకి ఊడిపోయాయి. ఎవరో సున్నం వేలు తుడిచారు. అయినా అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. "ఆడ కుక్క. మూడేళ్ళు ఉండొచ్చు. ఎర్ర రంగు. కరవదు, అరవదు. సిగ్గు ఎక్కువ. మంచి ఇల్లు కావాలి. తెలుగు మాట్లాడే ఇల్లయితే మేలు." కింద ఒక ఫోను నంబరు. ఆ నంబరు మనిషి పోయి నాలుగు నెలలు దాటింది.

ఆ చివరి వాక్యం దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. పెన్ను నాది, మాట ఆయనది, పాపం ఇద్దరిదీ. ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్ళాను.

ఆయన బరంపురం నుంచి చికిటికి నడిచే ప్రైవేటు బస్సులో కండక్టరు. నేను చికిటి బళ్ళో తెలుగు చెప్పే టీచర్ని. పందొమ్మిదేళ్ళు ఆ బస్సు ఎక్కాను గానీ ఆయన పేరు ఏనాడూ అడగలేదు. ఊరందరికీ కండక్టరు, అంతే. ఆయనకీ ఒక పేరు ఉందని పదకొండో రోజు కార్డు మీద చూసేదాకా నాకు తట్టలేదు. చూశాక కూడా అది వేరే ఎవరిదో అనిపించింది. అందుకే ఇక్కడ రాయడం లేదు.

మనిషి పొట్టి. ఖాకీ చొక్కా పై బొత్తాం ఎప్పుడూ ఊడిపోయి ఉండేది. చెవి మీద పెన్సిలు. అది చెవి మీద పెట్టుకుని బస్సంతా వెతికేవాడు, మేమెవరం చెప్పేవాళ్ళం కాదు. మధ్యాహ్నం ట్రిప్పులో కాగితం పొట్లంలో ముడీ తినేవాడు. మరమరాలంటే ఊరుకునేవాడు కాదు, ముడీ ముడీయే. బస్సు ఎంత ఖాళీగా ఉన్నా కూర్చునేవాడు కాదు. "కూకోండి కండక్టరు గారూ, ఎవరూ లేరు కదా" అని నేనే ఎన్నోసార్లు అన్నాను.

"కండక్టరు కూకుంటే బస్సుకి బరువు, టీచరమ్మా" అనేవాడు.

నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకునేది కాదు. ఒకే వాక్యంలో సగం ఒడియా, సగం తెలుగు, రమ్మనడానికి ఆస, ఆగమనడానికి రహ. "ఆస ఆస, బేగి ఎక్కండి, గుమ్మం కాడ నిలబడితే పెళ్ళి సూపులకొచ్చినట్టుంటాది." ఎక్కే మనిషి మెట్టు మీద కాలు పెట్టగానే ఏ భాషవాళ్ళో పోల్చేవాడు. తెలుగు ముసలమ్మని తెలుగులో తిట్టేవాడు, ఒడియా ముసలమ్మని ఒడియాలో. పందొమ్మిదేళ్ళలో ఆయన అంచనా తప్పడం నేను చూడలేదు. తప్పింది ఒక్కరి విషయంలో. ఆ ఒక్కరూ మనిషి కాదు.

ఆయనకి ఇంకో లోకం ఉండేది. దారిలో దెబ్బ తగిలిన కుక్కలు, సంచిలో కట్టి పారేసిన కుక్కపిల్లలు, యజమాని ఇల్లు మారుతూ వదిలేసినవి, ఏది కనిపించినా బస్సు ఆపించేవాడు. డ్రైవరు గొణిగేవాడు, మేం గడియారాలు చూసుకునేవాళ్ళం, ఆయన మాత్రం దాన్ని గోనెసంచిలో చుట్టి వెనక సీటు కింద పెట్టుకుని వచ్చేవాడు. బరంపురంలో ఆయన అద్దె ఇల్లు రెండు గదులూ ఒక పెరడూ. ఆ పెరట్లో వాటికి కట్టు కట్టి, తిండి పెట్టి, మళ్ళీ ఏదో ఒక ఇంటికి చేర్చేవాడు. "సీటు దొరికేదాకా స్టాండింగు" అనేవాడు. ఆయన లెక్కలో ఇల్లు అంటే సీటు. ఆయన పెరడు అంటే నిలబడే చోటు. "నిలబడ్డోడికే తెలుస్తాది సీటు ఇలువ. మనం ఊరికే పట్టుకోడానికి రాడ్డు ఇస్తన్నాం, అంతే."

ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేవాడు కాదు. దారి పొడవునా ఏ ఇల్లు ఎలాంటిదో ఫుట్‌బోర్డు మీద నిలబడి ఏళ్ళ తరబడి చూసినవాడు. ఏ ఇంటి ముందు ఆవు మనిషిని చూసి బెదురుతుందో, ఏ ఇల్లాలు గిన్నె కడిగే ముందు మెతుకులు కాకికి వేస్తుందో ఆయనకి తెలుసు. రైసుమిల్లాయన ఒకసారి కాపలాకి కుక్క కావాలని కబురు పెడితే, "ఆల గేటు కాడ గొలుసు పొడుగు సూసేరా, టీచరమ్మా? మూడు మూరలు నేదు" అని ఊరుకున్నాడు. ఇచ్చిన ఇళ్ళ ముందు బస్సు వెళ్ళేటప్పుడు విజిల్ రెండుసార్లు ఊదేవాడు. ఎక్కడో ఒక కుక్క తోక ఊపుకుంటూ రోడ్డు దాకా వచ్చి, బస్సు వెంట నాలుగు అడుగులు పరిగెత్తి, ఆగిపోయేది. ఆ పూట ఆయన ఎవర్నీ తిట్టేవాడు కాదు.

ఒక్కటే నియమం పెట్టుకున్నాడు. తాడు కట్టి ఏ కుక్కనీ పంపేవాడు కాదు. తీసుకెళ్ళే మనిషి వచ్చి పెరట్లో కూర్చోవాలి, పిలవాలి, కుక్క తనంతట తను లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. "లాగి ఎక్కించిన పాసింజరు మజ్జిలోనే దిగిపోతాది" అనేవాడు. దాదాపు అన్నీ ఒక పూటలోనో రెండు పూటల్లోనో వెళ్ళేవి.

ఈ ఎర్రది వెళ్ళలేదు.

అది ఎలా వచ్చిందో నా కళ్ళతో చూశాను. చలికాలం, చికిటిలో సాయంత్రం ట్రిప్పు బయల్దేరబోతోంది. వెనక సీటు కింద ఏదో మెత్తగా తగిలిందని ఒకామె కాళ్ళు పైకి లాక్కుంది. చూస్తే ఇది. ముడుచుకుని, నేలకి కరుచుకుని ఉంది. మెడలో కొరికి తెంపిన తాడు ముక్క, దాని కింద చర్మం పుండు పడింది. ఎప్పుడు ఎక్కిందో, ఎలా ఎక్కిందో ఎవరూ చూడలేదు. దించబోతే ఇంకా లోపలికి జరిగింది. కండక్టరు మోకాళ్ళ మీద వంగి దాని మొహం చూసి, లేచి రైట్ అన్నాడు. "ఎక్కిన పాసింజర్ని దించే రూలు నా కాడ నేదు" అన్నాడు.

తర్వాత నెల్లాళ్ళు చికిటిలో ప్రతి కొట్టులోనూ అడిగాడు, ఇది మీదా, ఇది ఎవరిది అని. ఎవరూ మాదనలేదు.

మెడ పుండు మానింది. ఒళ్ళు చేసింది. కానీ పిలిస్తే రాదు. అదీ దాని జబ్బు. పెరట్లో తిరుగుతూ ఉంటుంది, కాకుల్ని చూస్తుంది, మన వైపు కూడా చూస్తుంది. రా అన్నామా, ఉన్నచోటే ఆగిపోతుంది. ముందుకాళ్ళు రెండూ జంటగా పెట్టి, పొట్ట నేలకి ఆనించి, మొహం గోడవైపు తిప్పుకుంటుంది. ఇంకోసారి రా అంటే ఇంకా అణిగిపోతుంది. తిండి పెట్టి పక్కకి వెళ్తే తింటుంది. చెయ్యి చాపి పిలిస్తే ఆ చెయ్యి ఎండిపోవాల్సిందే.

"సిగ్గు టీచరమ్మా, సిగ్గు. కొత్త కోడలి నాగ" అని నవ్వేవాడు మొదట్లో.

నోటీసు రాసిన రోజు బాగా గుర్తు. ఉదయం ట్రిప్పు, నేను కిటికీ పక్కన, ఆయన రాడ్డు పట్టుకుని నా మీదికి వంగి చెబుతున్నాడు, నేను ఒళ్ళో హాజరుపట్టీ పెట్టుకుని దాని మీద తెల్లకాగితం వేసి రాస్తున్నాను. పేరు ఏం రాయమన్నారంటే వద్దన్నాడు. పేరు పెట్టడం ఇంటివాళ్ళ పని, స్టాండింగులో ఉన్నవాళ్ళకి పేర్లు పెట్టకూడదట. తను మాత్రం గుంట అని పిలిచేవాడు, అది పేరు కాదు, మా వైపు ఆడపిల్ల ఎవరైనా గుంటే.

"మంచి ఇల్లు కావాలి అని రాసేరా? ఇంకోటి రాయండి. తెలుగు మాట్లాడే ఇల్లయితే మేలు."

నేను పెన్ను ఆపాను. "కుక్కకి తెలుగేమిటండీ? తెలుగులో నోటీసు రాస్తే చదివేవాళ్ళే తక్కువ ఇక్కడ. కింద ఒడియాలో కూడా రాస్తానంటే వద్దన్నారు."

"నవ్వకండి. ఏటంటే, ఈ గుంట మా ఇంట్లో కుదురుకుంటన్నాది. మా ఇంట్లో తెలుగే. ఇప్పుడిప్పుడే మన మాట సెవికెక్కుతాది. ఇంతలో ఒకడొచ్చి ఒడియాలో పిలిస్తే దాని బుర్ర సెడిపోతాది. మా అప్పకి కూడా సెప్పేను, దాని ముందర ఒడియా ఆడొద్దని." అప్ప అంటే వాళ్ళక్క.

"రోజంతా రెండు భాషలూ కలిపి కొట్టేది మీరు కాదేమిటి?"

అప్పుడు చెప్పాడు. ఆయనది చికిటి దగ్గర పల్లె, కూలీల ఇల్లు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. మేష్టారు అడిగిన దానికి తెలుగులో జవాబు చెప్పాడని అక్కడ బెత్తం. ఇంటికొచ్చి ఒడియా మాట దొర్లిందని తండ్రి చేతిలో దెబ్బ. ఏ నోటితో ఏ మాట అనాలో తెలియక, ఒక ఏడాదంతా నోరు విప్పలేదట. మూగోడని బళ్ళోంచి మాన్పించేశారు.

"అయిదో తరగతి, టీచరమ్మా. రెండు బాసల మజ్జిన నా సదువు నలిగిపోనాది. నాను మనిసిని గనక తరవాత తట్టుకున్నాను. ఇది నోరు నేనిది. దీనికొద్దు ఆ తిప్పలు."

నేను రాసేశాను. ఎదురు చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకు ఇంకో భయం ఉంది. ఊళ్ళో అందర్నీ అడుగుతున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు నన్ను కూడా అడుగుతాడని. మా అత్తగారి మడి, మేడ మీద ఇల్లు, నా బద్ధకం, సాకులన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన అడగలేదు. అడగకుండా ఉండాలనే ఆ నోటీసుని గుండ్రటి అక్షరాలతో అంత ముచ్చటగా రాసి పెట్టాను. పది కాపీలు కూడా నేనే తీయించాను.

నోటీసు చూసి వచ్చినవాడు ఒక్కడే. చికిటిలో విత్తనాల కొట్టు పెట్టుకున్న తెలుగాయన. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయి, మెత్తని మనిషి. కండక్టరు కూడా ఆ ఇంటిని ఏనాడో చూసి పెట్టుకున్నాడు. "ఆల కొట్టు ముందర పిచ్చికలు గింజలు తింటాయి. తరమడు" అని నాతో అన్నాడు. ఆ మాట ఆయన నోట సర్టిఫికెట్టు కింద లెక్క.

ఒక ఆదివారం ఆ విత్తనాలాయన వస్తున్నాడని, చదువుకున్నవాళ్ళు ఒకరుంటే బాగుంటుందని కండక్టరు నన్నూ రమ్మన్నాడు. వెళ్ళాను. పెరట్లో చాప వేశారు. కండక్టరు అక్క అందరికీ టీ పోసింది. ఆవిడ విధవరాలు, తమ్ముడింట్లోనే ఉంటుంది. ఆయన్నీ కుక్కల్నీ కలిపి తిట్టేది, అందరికీ కలిపి వండేది. విత్తనాలాయన బిస్కెట్లు తెచ్చాడు. కుక్కని చూడగానే అలవాటు కొద్దీ ఒడియాలో ఏదో అనబోయాడు, వాళ్ళావిడ ఒడియా ఆవిడ, ఇంట్లో అదే మాట. కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తెలుగు బాబూ, తెలుగు. మన మాటే ఇంటాది అది."

ఆయన తెలుగులోనే పిలిచాడు. రా, రా, రామ్మా. కుక్క ఆగింది, అణిగింది, గోడవైపు తిరిగింది. గంటసేపు పిలిచాడు. కండక్టరు పిలిచాడు. నేనూ పిలిచాను, నలభైమంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతుతో. లాభం లేదు. బిస్కెట్లకి చీమలు పట్టాయి.

ఇంతలో నా ఫోను మోగింది, మా హెడ్మాస్టరు. "ఆఁ, చెప్పండి సార్. ఆ... ఆ..." అంటూ నేను పెరటి చివరికి నడిచాను. చీర కుచ్చిళ్ళ దగ్గర ఏదో తగిలితే చూశాను. ఎర్రది. లేచి నా వెనకే వచ్చింది, తల ఎత్తి నా మొహంలోకి చూస్తోంది. ఫోను పెట్టేసి, సంతోషం పట్టలేక, రా అన్నాను. వెంటనే ఆగి పొట్ట నేలకి వేసేసింది.

"దానికి పోనంటే ఇష్టం" అంది అక్క. "మా కూతురు ఇచ్ఛాపురం నుంచి పోను సేసినప్పుడల్లా నా కాడికొస్తాది. పెట్టెయ్యగానే ఎల్లిపోద్ది. ఈడి కాడికి మాత్రం ఎప్పుడూ రాదు. ఈడేమో పోన్లో ఊఁ అంటాడు తప్ప మాటాడడు."

ఆ మాటకి అందరం నవ్వాం. కండక్టరు నవ్వలేదు.

విత్తనాలాయన తాడు అడిగాడు. ఆటోలో తీసుకెళ్తాను, వారం రోజుల్లో అదే అలవాటవుతుందని బతిమాలాడు. కండక్టరు ఒప్పుకోలేదు. "తాడు కొరుక్కుని వొచ్చిన గుంట బాబూ. మళ్ళీ తాడేటి? అదే రావాల." విత్తనాలాయన తర్వాత రెండు ఆదివారాలు కూడా వచ్చాడు. అదే చాప, అదే పిలుపు. మూడోసారి వెళ్ళిపోతూ, "మాకు రాసిపెట్టి లేదేమో" అన్నాడు.

ఆ సాయంత్రం నన్ను బస్టాండు దాకా దింపడానికి వచ్చాడు కండక్టరు.  

"ఆల కాడికి రానేదంటే అర్దమున్నాది" అన్నాడు దారిలో. "నా కాడికే ఎందుకు రాదు? డూటీ దిగి ఇంటికెల్లగానే పెరట్లో కూకుంటాను. రోజూ. రా తల్లీ, రా అమ్మా, అని గంటసేపు పిలుస్తాను. ఒక్క అడుగు ఎయ్యదు. మొండిది. ఓపాలి పిలిచి, అది రాక, స్నానానికెల్లి, అన్నం తినొచ్చి సూస్తే అక్కడే ఉన్నాది, అంగుళం కదలనేదు. నాను ఏటి తప్పు సేసేనో తెలీదు, టీచరమ్మా. అది నన్ను నమ్మనేదు."

కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోలేదు. నేను ఏదో అన్నాను. కాలం గడిస్తే అదే వస్తుంది అనే రకం మాట. బళ్ళో వెనకబడ్డ పిల్లల తల్లులకి చెప్పే మాట. 

ఆ తర్వాత రెండు నెలలు. ఒక సోమవారం బస్సు వచ్చింది, ఫుట్‌బోర్డు మీద వేరే మనిషి ఉన్నాడు. చెవి మీద పెన్సిలు లేదు. నేను అడగకముందే డ్రైవరు చెప్పాడు. ఆదివారం పొద్దున్న గుండెల్లో నొప్పి అన్నాడట, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తూంటే దారిలోనే అయిపోయిందట. కిటికీ పక్క నా సీట్లో కూర్చున్నాను. చికిటి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్న ఒడియా ఆవిడ ఎవరు పోయారని అడిగింది. కండక్టరు అన్నాను. ఆవిడ కూడా కొంగు నోట్లో కుక్కుకుంది.

పదకొండో రోజుకి వెళ్ళాను. అక్క గోడకి ఆనుకుని కూర్చుంది. తిట్టడానికి మనిషి లేక నోరు ఎండిపోయినట్టుంది ఆవిడకి. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి ఇచ్ఛాపురంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోవాలి. అక్కడ ఒకే గది, అల్లుడికి కుక్కలంటే పడదు.

"ఇది మిగిలిపోనాది, టీచరమ్మా" అంది పెరటి వైపు చూపించి. "నాలుగు రోజులు మెతుకు ముట్టనేదు. ఆడొచ్చే టయానికి గేటు కాడ కూకుంటాది. ఇల్లు కాళీ సేసిన్నాడు దీన్నేటి సెయ్యాల? రోడ్డు మీద ఇడిసెయ్యాలా? ఆడి పేనం దీని మీదే ఉన్నాది."

నేను ఈసారి సాకులు వెతకలేదు, కానీ ఉంచుకుంటాననీ అనలేదు. విత్తనాలాయనకి ఫోను చేశాను. మీకు ఇంకా మనసుంటే ఒక్కసారి రండి, అన్నాను. ఆదివారం వస్తానన్నాడు. ఈసారి వాళ్ళావిడనీ తీసుకొచ్చాడు.

ఆవిడ ఒడియా మనిషి, ఎర్ర అంచు చీర, నుదుట పెద్ద బొట్టు. అక్కని పలకరించి, చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత పెరటి మెట్టు మీదికి వెళ్ళింది. ఆవిడకి మా నియమాలు ఎవరూ చెప్పలేదు. చెప్పేవాడు లేడు. కుక్క దూరంగా నీళ్ళ తొట్టి పక్కన పడుకుని ఉంది. ఆవిడ మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో చెయ్యి తట్టి, వాళ్ళింట్లో పిల్లని పిలిచినట్టు పిలిచింది.

"ఆ, ఆ. ఆ, మో సునా." మో సునా అంటే నా బంగారం.

కుక్క లేచింది. చెవులు వెనక్కి పెట్టి, తోక కింద నుంచి కొంచెం కొంచెంగా ఊపుతూ, పెరడంతా దాటి తిన్నగా ఆవిడ దగ్గరికి వచ్చింది. ఒళ్ళో మొహం పెట్టేసింది. ఏడాదిన్నర మేం ముగ్గురం నలుగురం కలిసి చేయలేని పని ఒక్క అక్షరంతో అయిపోయింది.

 ఒడియా రానివాళ్ళం కాదు మేం. చిన్నవాళ్ళని, చనువున్నవాళ్ళని రమ్మనాలంటే ఒడియాలో ఆ అంటారని మాకు తెలియదా? పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. కానీ మా ఇంట్లో ఆ అంటే సరే. ఫోన్లో అవతలి వాళ్ళ మాట వింటున్నామని చెప్పడానికి అనే చప్పుడు. అది పిలుపని మా చెవులకి ఎక్కలేదు. ఈ కుక్క ఎక్కడో ఒడియా ఇంట్లో పుట్టి పెరిగింది. ఎవరో దాన్ని ఇలా ఒళ్ళు తట్టి పిలిచేవాళ్ళు. ఆ ఇల్లు ఎందుకు పోయిందో, తాడు ఎవరు కట్టారో తెలియదు. మాకు తెలిసిందల్లా, ఫోను మోగిన ప్రతిసారీ ఎవరో తనని రమ్మంటున్నారని అది లేచి వచ్చింది, వచ్చి చూస్తే ఎవరూ పిలిచినట్టు లేరని వెనక్కి వెళ్ళింది. రెండు భాషల మధ్య బతికి, ఒక భాష పాఠం చెప్పి జీతం తీసుకునే నాకు అది తెలియలేదు. మెట్టు మీద కాలు పెట్టగానే మనిషి భాష చెప్పే ఆయనకీ తెలియలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. పనిలేని ఏడుపు ఒకటి ఏడ్చి ఇంటికొచ్చేదాన్ని.

విత్తనాలాయన ఆటో తెచ్చాడు. కుక్క ఆవిడ వెంటే వాకిట్లోకి నడిచింది, తాడు లేకుండా. గేటు దాటబోతుంటే రోడ్డు మీద లారీ ఒకటి దూసుకొచ్చింది. ఆవిడ కంగారుగా చెయ్యి ఎత్తి, "రహ, రహ" అంది. ఆగు, ఆగు అని.

కుక్క ఉన్నచోటే ఆగిపోయింది. ముందుకాళ్ళు రెండూ జంటగా పెట్టింది. పొట్ట నేలకి ఆనించి, మొహం పక్కకి తిప్పుకుని, కదలకుండా కూర్చుంది.

నా పక్కన అక్క గేటు ఊచ పట్టుకుంది. ఆవిడా చూసింది. ఇద్దరం చూశాం. ఏడాదిన్నరగా సిగ్గు అని మేం పేరు పెట్టింది అదే. మొండితనం అని ఆయన ఏడ్చింది అదే. రోజంతా ఫుట్‌బోర్డు మీంచి డ్రైవరుకి రహ, రహ అని అరిచి, సాయంత్రం ఇంటికొచ్చి అదే గొంతుతో రా, రా అని పిలిచేవాడు. నోరు కొంచెం అలిసి ఉంటే రెండూ ఒకటే. తెలుగు రాని కుక్క చెవికి ఆ నోరు అలవకపోయినా ఒకటే. ఆయన రమ్మంటున్నాడు, అది ఆగమంటున్నాడని విన్నది. ఎంత బతిమాలితే అంత అణిగి కూర్చుంది. ఆయన స్నానం చేసి అన్నం తిని వచ్చినా అంగుళం కదలలేదు, ఆగమన్న మనిషి ఇంకా లెమ్మనలేదు గనుక.

లారీ వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ ఆ అంది. కుక్క లేచి ఆటో ఎక్కింది, ఆవిడ కాళ్ళ దగ్గర సర్దుకుంది. విత్తనాలాయన మా ఇద్దరికీ దణ్ణం పెట్టాడు. ఆటో సందు మలుపు తిరిగింది.

అక్క గేటు మూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అయితే ఆడి మాట ఇన్నాదన్నమాట" అంది.

"విన్నది, అప్పా. రోజూ విన్నది."

"నమ్మనేదు నమ్మనేదు అనుకుంటా పోనాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ ఒక్క ముక్క ఆడికి ఎవులు సెప్తారు, టీచరమ్మా?"